కండక్టర్ గారి పై పెదవి

"పెట్టుడు మీసమా? నాకా? మేడమ్, మీరు చదువుకున్నవాళ్ళు కాబట్టి ఊరుకుంటున్నాను. ఈ మాట ఇంకెవరైనా అని ఉంటే నా నోటికి పని చెప్పేవాణ్ణి."

"చెప్పండి, వద్దన్నానా? ముందు ఆ నోటికి అడ్డం పెట్టుకున్న తువ్వాలు తీసి చెప్పండి."

"తువ్వాలు తియ్యను."

"మీసం పెట్టుకోరు, తువ్వాలు తియ్యరు. మా పిల్లలు దేన్ని చూసి చెయ్యాలండీ? తువ్వాలునా?"

"ముక్కుంది, కళ్ళున్నాయి. చెవులు రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి, లెక్క చూసుకోండి."

"చెవులు చూసి ఎంచుకోలేదు మిమ్మల్ని!"

శిల్ప విభాగం తలుపు ఓరగా తెరిచి ఉంది. నేను బయట వరండాలో చతికిలబడి కేబుల్ చుట్టుకుంటున్నాను. లోపల అరుస్తున్నది శిల్పం చెప్పే మేడమ్, ఆ విభాగానికి పెద్ద. ఎదురు చెబుతున్నది కండక్టర్ గారు. సిటీ బస్సులో కండక్టర్‌గా చేసి రిటైరై, ఇప్పుడు మా ఆర్ట్స్ కాలేజీలో పిల్లలు బొమ్మ గీయడానికీ మట్టితో చెయ్యడానికీ ఎదురుగా కూర్చునే పని చేస్తున్నారు. ఆయన అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తెలిసి ఉండాలి. మిగతా అందరికీ కండక్టర్ గారే.

నిన్నటిదాకా ఆయన మొహంలో ముందు కనిపించేది మీసం. తర్వాత కనిపించేదీ మీసమే. ముక్కు కింద పుట్టి, రెండు బుగ్గలూ ఎక్కి, చెవుల్ని పలకరించి వద్దామా వద్దా అన్నట్టు అక్కడ ఆగేది. ఇవాళ పొద్దున ఆ మీసం లేకుండా, మూతికి తువ్వాలు కట్టుకుని వచ్చారు. పంటి నొప్పేమో అనుకున్నాం. కాదు. గీసేశారు.

"మధ్యాహ్నం అవతలి కాలేజీ వాళ్ళు తెర మీదికి వస్తారు." లోపల మేడమ్ గొంతు తగ్గింది. ఆవిడ గొంతు తగ్గితేనే భయపడాలి. "అప్పటికి మీకు మీసమైనా ఉండాలి, మూతైనా ఉండాలి. రెండూ లేవంటే మనిషిని మార్చేశామని చెప్పేస్తాను. మన వాచ్‌మన్ ఉన్నాడు. అతనికి మీసంతోపాటు గడ్డం కూడా ఉంది."

"వాడా! వాడు కూర్చుంటే కునుకు తీస్తాడు."

"కునికితే కునికాడు, మొహం ఇంట్లో వదిలేసి రాడు కదా!"

తలుపు ధడాలున తెరుచుకుంది. కండక్టర్ గారు బయటికొచ్చి, నా కేబుల్ తొక్కి, కిందకి చూసి, "అబ్బాయ్, టీ తాగుదాం పద," అన్నారు. మూతికి తువ్వాలున్న మనిషి టీ ఎలా తాగుతాడో చూద్దామని లేచాను.

ఒక మీసానికి ఇంత రభస ఏమిటంటే, దానికి ఒప్పందం గురించి చెప్పాలి.

మా కాలేజీ నగరం నడిబొడ్డున ఒక పాత అచ్చాఫీసు భవనంలో ఉంది. బయటివాళ్ళు ఆర్ట్స్ కాలేజీ అంటే ఏమేమో ఊహించుకుంటారు. లోపల ఉండేది తడి మట్టి, తడి గోనెపట్టాలు, ఎవరూ కడగని టీ కప్పులు. నేను ఇక్కడే రెండో సంవత్సరం దాకా శిల్పం చదివి మానేశాను. నాకు కుదురు లేదని మా అన్నయ్య అంటాడు, నేను కాదనను. అయితే తీగలూ కెమెరాలూ నా మాట వింటాయి, ఇంగ్లీషుకి నోరు తిరుగుతుంది, కాబట్టి విదేశీ కాలేజీలతో కలిసి చేసే పనుల గదిలో నన్ను పెట్టుకున్నారు. ఆ గది పని నాకు బాగా తెలుసు. చాలా ఒప్పందాలు ఇలా ఉంటాయి: కోట్లు తొడుక్కున్నవాళ్ళు వస్తారు, చేతులు కలుపుతారు, ఫోటో దిగుతారు, కేకు తింటారు, వెళ్ళిపోతారు. ఆ ఫోటో మెట్ల దగ్గర గోడకి ఎక్కుతుంది. అంతటితో సరి.

శిల్పం మేడమ్ అలా కుదరదన్నారు. సముద్రం అవతల ఓ రేవు పట్టణంలో ఉన్న కాలేజీతో మాట్లాడి, ఫోటోలూ కేకులూ కాకుండా ఒక్క తల చేద్దామన్నారు. ఒకే మనిషి తల. ఎడమ సగం మేము చెయ్యాలి, కుడి సగం వాళ్ళు చెయ్యాలి. ఆఖరికి వాళ్ళు తమ సగం పట్టుకుని వస్తే రెండూ అతికించి కంచులో పోత పొయ్యాలి. నుదురు మధ్యనుంచి గడ్డం దాకా అతుకు గీత కనిపించాలి, దాచకూడదు, అదే అందం అని ఆవిడ వాదన. ఎవరి తల అన్నది వాళ్ళే తేల్చారు. మా దగ్గర కూర్చునేవాళ్ళందరి ఫోటోలూ పంపితే, తెర అవతల గదిలో ఉన్న చేతులన్నీ ఒకేసారి లేచింది మీసానికి.

ఆ రోజు కండక్టర్ గారిని పట్టలేకపోయాం. "నేను వీసా లేకుండా, విమానం ఎక్కకుండా ఫారిన్ పోయానోయ్. సగమే పోయాననుకో. మిగతా సగం మీ ఆంటీకి కాపలా," అని వీధి వీధంతా చెప్పుకున్నారు.

ఆయనతో నాకు స్నేహం ఆయన కూర్చునే తీరు వల్ల కుదిరింది. పనిలో చేరిన కొత్తలో పిల్లలు అడిగారట, "కదలకుండా ఉండగలరా అంకుల్?" అని. "బ్రేకు వేసినప్పుడల్లా బస్సు మొత్తం ముందుకి పడేది, నేనొక్కణ్ణే పడేవాణ్ణి కాదు. ఇక్కడ కుర్చీకి చక్రాలు కూడా లేవు. ఎందుకు కదులుతాను?" అన్నారట. విశ్రాంతి కావాలంటే చెయ్యెత్తి "హోల్డాన్!" అనేవారు. టీ తాగొచ్చి కూర్చుని "రైట్, రైట్!" అనేవారు. క్లాసు మొత్తం ఆ కేకకి మట్టిలో చేతులు పెట్టేది. మేడమ్ మాట వినని మొద్దులు కూడా ఆ కేక వినేవాళ్ళు.

ఇక పందెం సంగతి.

కండక్టర్ గారి భార్య ఇంట్లో మిషన్ మీద బట్టలు కుడతారు. కుట్టినవి మూటగట్టి నాలుగు దుకాణాలకి చేర్చాలి. బస్సెక్కాలి, దిగాలి, మళ్ళీ ఎక్కాలి. ఒకరోజు స్కూటర్ నేర్చుకుంటానని అన్నారట. ఈయన నవ్వారట. "నువ్వా? స్కూటరా? నువ్వు బండి నడిపిన రోజున నేను మీసం తీసేస్తా!" ఇలాంటి మాటలు ఎవరైనా అంటారు, అన్నంలో కలుపుకుని తినేస్తారు. కానీ ఈయన మరునాడు కాలేజీకొచ్చి ఆ మాట క్లాసంతటికీ చెప్పి, మరోసారి నవ్వారు. ముప్పై మంది సాక్షులు తయారయ్యారు.

ఆవిడేమో పక్కింటి అమ్మాయి బండి మీద, స్కూలు వెనక సందులో, పిల్లలు బడిలో ఉండే వేళ నేర్చుకున్నారు. మోకాలు చెక్కుకుపోతే స్నానాల గదిలో జారానన్నారు. మోచెయ్యి వాస్తే మళ్ళీ స్నానాల గదిలోనే జారారు. "ఆ గదికి గరుకు రాళ్ళు వేయిస్తానే," అని ఈయన పాపం బాధపడ్డారు కూడా. నిన్న సాయంత్రం మేమంతా గేటు దగ్గర నిలబడి ఉండగా ఒక స్కూటర్ వచ్చి కండక్టర్ గారి కాలి బొటనవేలికి జానెడు దూరంలో ఆగింది. హెల్మెట్ అద్దం పైకి లేచింది.

"ఎక్కండి. ఇంటి దగ్గర దింపుతా."

పిల్లలు వేసిన ఈలలకి వాచ్‌మన్ లేచాడు. అంత గట్టిగా వేశారు.

ఆయన ఎక్కారు. వెనక సీటు మీద మీసం గాలికి రెపరెపలాడుతూ వెళ్ళిపోయింది. దాన్ని చూడడం అదే ఆఖరు.

టీ కొట్టు గేటుకి ఎదురుగానే ఉంది. కండక్టర్ గారు గోడవైపు తిరిగి, తువ్వాలు కింది అంచు ఎత్తి, దాని లోపల్నుంచి గ్లాసు పెట్టుకున్నారు. సగం టీ చొక్కా తాగింది.

"మీకెందుకండీ ఈ తిప్పలు?" అన్నాను. "ఆంటీ గెలిచారు. మీరు గీసేశారు. మాట నిలబెట్టుకున్నారు. మనిషన్నాక మూతి ఉంటుంది. చూపిస్తే పోయేదేముంది?"

"నీకు తెలీదులే."

"తెలీదు కాబట్టే అడుగుతున్నా."

ఆయన అటూ ఇటూ చూశారు. కొట్టువాడు పాలు పొంగకుండా చూసుకుంటున్నాడు. తువ్వాలు గడ్డం కిందికి లాగి నా వైపు తిరిగారు.

పై పెదవి కుడి పక్కన ముక్కు రంధ్రం దాకా ఒక గాటు ఉంది. పాత గాటు, తెల్లబడిపోయింది. కుట్లు వేసినవాడు తొందరలో ఉన్నట్టున్నాడు. పెదవి అక్కడ కొంచెం పైకి లాక్కుపోయి, మూసినా ఒక పన్ను అంచు కనబడుతోంది. ముక్కు కూడా ఆ పక్క కాస్త చప్పిడి.

"ఇంతేనా?" అన్నాను.

నేను ధైర్యం చెప్పాననుకున్నాను. ఆయన కళ్ళెర్రజేశారు.

"ఇంతేనా అంటే? నువ్వు మోశావా? ఇంతే అనుకుంటే నీకిస్తా, ఓ నాలుగేళ్ళు పెట్టుకు తిరుగు. బళ్ళో పద్యం చెప్పమని లేపి, నేను నోరు తెరవగానే మా మాస్టారు తల వంచుకుని నవ్వేవాడు. తల ఎత్తి నవ్వినా బాగుండేది. మొర్రి అంటారు దీన్ని. పుట్టినప్పుడే చీలి ఉంది. నాకు ఊహ తెలిశాక గానీ కుట్టించలేదు. కుట్టాక కూడా నన్ను అదే పేరుతో పిలిచేవాళ్ళు. కుట్టు పడ్డది పెదవికి గానీ జనం నోటికి కాదుగా."

"తర్వాత?"

"తర్వాతేముంది, మీసమొచ్చింది. దేవుడు పంపినట్టు వచ్చింది. కప్పేసింది. అప్పటిదాకా నోట్లో నోట్లో మాట్లాడేవాణ్ణి అబ్బాయ్. మీసమొచ్చాక గొంతొచ్చింది. బస్సులో ఉద్యోగానికి పోతే, కేక వెయ్యమన్నారు. వేశాను. ఎవడూ నవ్వలేదు. రోడ్డవతల కుక్క లేచి నిలబడింది. ఆ రోజు నుంచి స్టాపు పేరు నేను అరిస్తే ఆ స్టాపులో దిగనివాడు కూడా దిగేవాడు. ఆ అరుపంతా నాదనుకున్నావా? మీసానిది."

"మరి అంత మీసాన్ని పందెంలో పెట్టారేం?"

"పోతుందనుకోలేదురా!" అన్నారాయన. కొట్టువాడు కూడా నవ్వాడు. ఆయన చటుక్కున తువ్వాలు పైకి లాగేశారు.

అప్పుడే స్కూటర్ హారన్ వినిపించింది. ఆవిడ. ముందు మూట, వెనక మూట, మధ్యలో ఆవిడ. ఒక కాలు నేల మీద ఆనించి, బండి దిగకుండానే అడిగారు.

"ఏమయింది? మేడమ్ గారేమన్నారు?"

"ఏమంటుంది? పెట్టుడు మీసం పెట్టుకోమంది. లేకపోతే వాచ్‌మన్‌ని కూర్చోబెడతానంది."

"పెట్టుకోండి మరి. నేనన్నానా తీసెయ్యమని? రాత్రి చెప్పాను కదా, ఊరికే అన్నారులెండి, గియ్యొద్దు అని."

"పెట్టుకుంటే గీసినట్టా? ఇంట్లో మీసం లేనివాడు, కాలేజీలో మీసమున్నవాడు. నేనేమన్నా నాటకాల కంపెనీనా?"

"అయితే ఆ గుడ్డ తీసెయ్యండి."

"అది తియ్యను."

"మింగనూ లేరు, కక్కనూ లేరు," అన్నారావిడ నాతో. "రాత్రి అన్నం గోడవైపు తిరిగి తిన్నారు బాబూ. గీసుకున్న గదిలోంచి ఈ గుడ్డతోనే వచ్చారు. ఎవరికి తెలీదని దాస్తున్నారో నాకర్థం కాదు."

కండక్టర్ గారు గ్లాసు బల్ల మీద పెట్టేశారు. "నీకేం తెలుసు?"

"మీ పెదవి సంగతి."

టీ కొట్టు దగ్గర రోడ్డు మీద రొద ఎప్పటిలాగే ఉంది. ఆయన మాత్రం ఎవరో తనని బస్సులోంచి తోసేసినట్టు చూస్తున్నారు. వాళ్ళ పెళ్ళయి ఎన్నేళ్ళయిందంటే, మనవలు కూడా ఉన్నారు.

"ఎప్పుడు తెలుసు?"

"పెళ్ళికి ముందే. రోజూ ఉదయం మీ బస్సే కదా ఎక్కేదాన్ని, కుట్టు నేర్చుకోవడానికి పోతూ. మీరేమో ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళు, హీరోలాగ. గాలికి మీసం లేచేది. కిటికీ పక్కన కూర్చున్న మనిషికి కనబడదా? కళ్ళు లేవా నాకు?"

"చెప్పలేదేం ఇన్నాళ్ళూ?"

"దాచుకుంటున్నారు కదా, దాచుకోనీ అనుకున్నాను. ఎవరి పెట్టె వాళ్ళ దగ్గర ఉండాలి."

"చూసి కూడా చేసుకున్నావా?"

"మీసం చూసి చేసుకున్నాననుకున్నారా? దానికి రాసే నూనె ఖర్చు తెలిస్తే అసలు చేసుకునేదాన్నే కాదు." ఆవిడ మూట సర్దుకున్నారు. "ఒకరోజు బస్సు కదిలిపోతుంటే పరిగెత్తుకొచ్చాను. డ్రైవరు చూసి కూడా ఆపలేదు. మీరు ఆగమని అరిచి, ఆపకపోతే దూకుతానని ఒక కాలు కింద పెట్టారు. అది చూసి చేసుకున్నాను. ఇంకోటి చెబుతా వినండి. నేను మిమ్మల్ని ఓడిద్దామని బండి నేర్చుకోలేదు. నాకు బండి కావాలని నేర్చుకున్నాను. మీసం మీరు పెట్టిన పందెం, నాది కాదు. ఉంచుకున్నా, తీసేసినా, తగిలించుకున్నా మీ ఇష్టం. దుకాణం వాడు ఎదురుచూస్తున్నాడు, వస్తా."

బండి వెళ్ళిపోయింది. మలుపు దగ్గర ఇండికేటర్ కూడా వేశారు. కండక్టర్ గారు చాలాసేపు ఆ మలుపునే చూశారు.

"బాగానే నడుపుతోంది," అన్నారు చివరికి.

మధ్యాహ్నం క్లాసులో నేను తెర బిగించి, స్టాండు మీద కెమెరా పెట్టి, రెండు వైపులా మాట వినిపిస్తోందో లేదో చూసుకున్నాను. గది మధ్యలో తిరిగే బల్ల మీద మా ఎడమ సగం ఉంది. సగం నుదురు, ఒక కన్ను, సగం ముక్కు, ఒక చెవి. మీసం ఉండాల్సిన చోట మావాళ్ళు పొద్దున్నే మట్టి గీకేసి ఆ స్థలం ఖాళీగా ఉంచారు. మేడమ్ చేతిలో కాగితం పొట్లం ఉంది. అందులో నాటక విభాగం నుంచి తెచ్చిన పెట్టుడు మీసం. ఎందుకైనా మంచిదని.

కండక్టర్ గారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. తువ్వాలు ఉంది. "రైట్, రైట్," అన్నారు గానీ ఆ కేకలో పస లేదు. పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

తెర వెలిగింది. అవతల గదిలో ఎత్తు కిటికీలు, బూడిదరంగు వెలుతురు. నెరిసిన గడ్డం మాస్టారు, ఆయన పక్కన ఒంటి జడ అమ్మాయి. కుడి సగం ఆ అమ్మాయి చేస్తోంది. ఆమె పక్కకి జరగగానే మా గదిలో ఎవరో "అబ్బా!" అన్నారు. ఆ సగం మీసం ఎలా ఉందంటే, ఒక్కో వెంట్రుకా మట్టిలోంచి మొలిచినట్టుంది. దువ్వొచ్చు. అదే ఆమె చేసిన మొత్తం పనిలో గొప్ప భాగం, అది అందరికీ తెలుసు.

మేడమ్ నోరు తెరిచేలోపు కండక్టర్ గారే నా వైపు తిరిగారు. "అబ్బాయ్, చెప్పెయ్. మీసం పోయిందని చెప్పు. ఎలా పోయిందో కూడా చెప్పు. స్కూటర్ సంగతి వదలకు."

చెప్పాను. స్నానాల గదిలో జారడం దగ్గరికి వచ్చేసరికి అవతలి గది విరగబడి నవ్వింది. గడ్డం మాస్టారు కళ్ళు తుడుచుకుని ఏదో అన్నారు. మేడమ్ మొహం వికసించింది.

"ఏమంటున్నాడు?" అడిగారు కండక్టర్ గారు.

"వాళ్ళ సగానికి మీసం అలాగే ఉంచుతారట. మన సగానికి ఉండదు. ఒక పక్క పందేనికి ముందు, ఒక పక్క పందెం తర్వాత. చాలా బాగుంటుందంటున్నారు."

"అద్భుతం కదా!" అన్నారు మేడమ్. "మనం తలకిందులుగా ఆలోచించినా ఇది తట్టేది కాదు. తువ్వాలు సంగతి కూడా..."

"సగం మీసమా!" కండక్టర్ గారు కుర్చీలోంచి లేచారు. హోల్డాన్ అనకుండా ఆయన లేవడం ఎవరూ చూడలేదు. "మేడమ్, సగం మీసం దొంగకి గీస్తారు. మాట తప్పినవాడికి గీస్తారు. నేను ఓడాను, ఒప్పుకున్నాను, మొత్తం గీశాను. మొత్తం గీసినవాణ్ణి సగం గీసినట్టు చేసి కంచులో పోస్తారా? నా మనవలు చూడరా? మా తాత సగం మాట మీద నిలబడ్డాడనుకోరా? ఇంకో వందేళ్ళు అలా ఉండాలా నేను?"

 మేడమ్ చేతిలోని పొట్లం బల్ల మీద పెట్టేశారు. ఆవిడ కోపంగా లేరు. నిజం చెప్పాలంటే ఆ ఉదయం నుంచి మొదటిసారి ఆవిడ ఆయన్ని మీసంగా కాకుండా మనిషిగా చూస్తున్నారనిపించింది. నేను ఆ మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టు అవతలికి చెప్పాను. దొంగ మాటతో సహా.

ఒంటి జడ అమ్మాయి తన సగం వైపు తిరిగింది. కాసేపు ఆ మీసాన్ని చూసింది. ఎన్ని వారాలు చేసిందో, నేను అడగలేదు. బల్ల మీంచి మట్టి కోసే పిడి ఉన్న తీగ ఒకటి తీసుకుంది. బుగ్గ దగ్గర మొదలుపెట్టి ఒక్క లాగు లాగింది. మీసం ముద్దగా ఆమె అరచేతిలో పడింది. అవతల ఎవరో నిట్టూర్చారు, ఇవతల మావాళ్ళు చప్పట్లు కొట్టారు.

అప్పుడామె కెమెరా వైపు తిరిగి ఒక ప్రశ్న అడిగింది. మామూలు ప్రశ్నే. మీసం కింద తాను ఏమీ చెయ్యలేదట, పెదవి ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు కాబట్టి. అక్కడ ఇప్పుడు ఏం పెట్టాలి అని.

నేను జవాబు చెప్పేలోపు మేడమ్ నా పక్కకొచ్చి, తగ్గిన గొంతుతో, తెలుగులో అన్నారు. "మన ఎడమ పక్క ఎలా చేస్తే అటూ అలాగే చెయ్యమను. ఆయన్ని ఇక ఇబ్బంది పెట్టొద్దు. తువ్వాలు ఉంచుకోమను. ముక్కు, గడ్డం కొలతలు ఉన్నాయి, మధ్యలో ఊహించుకుంటే సరిపోతుంది." ఆవిడ చూపు తువ్వాలు మీద ఉంది. ఎంత తెలుసుకున్నారో, ఎంత ఊహించారో నాకు తెలీదు. ఆ మాట మాత్రం మంచి మనసుతోనే అన్నారు. అలా చెబితే ఎవరికీ నష్టం లేదు. నునుపైన పెదవి ఒకటి తయారవుతుంది. అది ఎవరిదీ కాదని కనిపెట్టేది ఒక్క స్కూటర్ నడిపే ఆవిడ.

"ఏమంటోందా అమ్మాయి?" అన్నారు కండక్టర్ గారు.

"మీసం కింద ఏం చెయ్యాలి అంటోంది."

"మేడమ్ ఏమన్నారు?"

"ఎడమ పక్కలాగే చెయ్యమని చెప్పమన్నారు."

మేడమ్ నన్ను ఒక చూపు చూశారు. నాకు మాట మింగడం చేతకాదు, ఆవిడకీ ఆ సంగతి తెలుసు.

కండక్టర్ గారు నిలబడే ఉన్నారు. తెర మీద ఆ అమ్మాయి చేతిలో మట్టి ముద్దతో ఎదురుచూస్తోంది. బస్సు ఆపమని అరవడానికి ముందు మనిషి ఊపిరి ఎంత లోపలికి తీసుకుంటాడో అంత తీసుకున్నారాయన. చెయ్యి మెడ వెనక్కి పోయింది. ముడి విప్పి, తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి కుర్చీ వీపు మీద వేశారు.  ముందు వరసలో కొలతలు తీసే వంకర కాళ్ళ కంపాస్ పట్టుకున్న కుర్రాడు దాన్ని కింద పెట్టేశాడు, ఆయన మళ్ళీ తీసి వాడి చేతికిచ్చారు.

తర్వాత తిరిగి కుర్చీలో కూర్చున్నారు. వీపు నిటారుగా, గడ్డం ఎత్తి, రోజూ కూర్చున్నట్టే.

"అబ్బాయ్," అన్నారు, అటు పక్క వరండాలో పోతున్నవాళ్ళకి కూడా వినిపించే గొంతుతో, "ఎడమ పక్కలాగ కాదని ఆ అమ్మాయికి చెప్పు. ఆ కెమెరా స్టాండు మీంచి ఊడదీసి నా కుడి పక్కకి పట్టుకురా. ఇంకా దగ్గరికి రా, సిగ్గుపడకు. ముందు కుట్టు చూపించు, తర్వాత పెదవి లాగేసినచోటు చూపించు, ఆ పన్ను కూడా చూపించు. ఆ పిల్ల చేసుకునేదాకా నీ చెయ్యి కదలనివ్వకు."